రైళ్ళ వదిన ఇంగ్లీషు క్లాసు

నా కొత్త చెప్పులు నాకు తెలియకుండా షాపుకు వెళ్ళి, అక్కడే ఉండిపోయి, తమ బదులు ఒక సైజు తక్కువ జతను పంపాయి. వదిన క్లాసులో వెనక కుర్చీలో కూర్చుని నేను ఒక టీ తాగేలోపు ఇదంతా జరిగిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదని వదిన తీర్పు చెప్పింది. ఉన్న కాస్త తప్పూ నాదేనని కూడా చెప్పింది.

ఆ క్లాసు ఒక హాస్టలు మేడ మీద పొడుగాటి గదిలో జరుగుతుంది. చూపు లేనివాళ్ళు, చూపు బాగా తక్కువున్నవాళ్ళు ఆ హాస్టల్లో ఉండి చదువుకుంటారు. చదువు ముగిసి ఉద్యోగాల వేటలో ఉన్న కొందరు సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు కోసం ఆ గదికి వస్తారు. గుమ్మం బయట గోడ వారన ఒక్కొక్కరి చెప్పులకూ ఒక్కో చోటుంది. ఎవరి చోటు ఏదో అందరికీ తెలుసు. ఎవరి జతనూ ఎవరూ కదపరు. అది అక్కడి రాజ్యాంగం. ఆ సంగతి తెలియని నేను తలుపు పక్కనున్న జతను కాలితో అవతలికి నెట్టి, ఆ ఖాళీలో నా జత విప్పాను.

నెట్టిన జత మృదంగానిది. చేతికి బల్ల తగిలితే వేళ్ళతో వాయించకుండా ఉండలేడని తోటివాళ్ళు అతనికి పెట్టిన పేరది. ఆ చెప్పుల్లో ఒకదానికి పట్టీ ఊడింది. కొన్న షాపు వీధి చివరే ఉంది. ఒంటరిగా అక్కడికి వెళ్ళి, ఇంగ్లీషులో ఫిర్యాదు చేసి, వాటిని మార్పించుకుని రావడం ఆ రోజు అతని పాఠం. దానికి వదిన పెట్టిన షరతులు గట్టివి. సారీ అనకూడదు. ప్లీజ్ ఒక్కసారికి మించకూడదు. వస్తువును కౌంటరు మీద పెట్టాక మళ్ళీ తడమకూడదు, తడిమితే గొంతు వణుకుతుంది. షాపువాడు ఇందులో లోపమేం లేదే అంటాడు. వాళ్ళు ఎప్పుడూ అనేది అదే. అన్నా సరే వెనక్కి తగ్గకూడదు.

షాపువాడు అన్నాడు. ఎందుకనడు? నా చెప్పులకు నిజంగానే ఏ లోపమూ లేదు. తన చోటులో ఉన్న జతను మృదంగం సంచిలో వేసుకెళ్ళి, కౌంటరు మీద పెట్టి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు అందుకున్నాడు. షాపువాడు పట్టీ లాగి చూపించాడు. వంచి చూపించాడు. చూపిస్తున్నది ఎవరికో గుర్తొచ్చి, అతని చెవి దగ్గర టపటపలాడించి వినిపించాడు. మేడమ్ ముందే చెప్పారు గదా వీళ్ళిలాగే అంటారని, అనుకుంటూ మృదంగం పాఠాన్ని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఇంకోసారి ఎత్తుకోబోతుంటే షాపువాడు గబగబా అతని పాదం కొలిచి, సరిపోయే జత చేతిలో పెట్టి, గుమ్మం దాకా సాగనంపాడు.

పట్టీ ఊడిన జత నాకు మిగిలింది. వదిన మృదంగాన్ని ముందుకు పిలిచి, ఏ మాట తర్వాత ఏ మాట అన్నాడో ఒక్కొక్కటే చెప్పించుకుని భేష్ అంది. తర్వాత నావైపు తిరిగి, ఒకరి వస్తువు కదిపేముందు అడగాలని చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదా అంది. మృదంగం మాత్రం నన్ను ఓదార్చాడు.

"బాధపడకండి బాబాయ్. మీ పట్టీ చాలా గట్టిదిట. షాపతను ఎన్నిసార్లు చెప్పాడో."

మర్నాడు షాపుకు వెళ్ళి జరిగింది చెప్పబోయాను. ఆ క్లాసు పేరెత్తగానే ఆయన షట్టరు మీద చెయ్యి వేశాడు. వేళకాని వేళలో కొట్టు మూయించిన పాపం నాకెందుకని తిరిగొచ్చేశాను.

వదిన రైల్వే స్టేషన్లో అనౌన్సర్‌గా పనిచేసి రిటైరయింది. గాజుగదిలో మైకు ముందు కూర్చుని ఏ బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో ఏళ్ళ తరబడి జనానికి చెప్పింది. రిటైరయ్యే ముందు ఆ పనిని ఒక మెషీనుకు అప్పగించారు. ఇంట్లో మైకు లేదు, అవసరమూ లేదు. వడ్డించానని వంటింట్లో అంటే వీధి చివర నడుస్తున్న అన్నయ్య అక్కడికక్కడే వెనక్కి తిరుగుతాడు. అన్నయ్య మితభాషి. పెళ్ళయిన కొత్తలో బాగానే మాట్లాడేవాడు. తర్వాత ఎందుకు తగ్గించావని ఒకసారి అడిగితే, ఎక్స్‌ప్రెస్ వస్తున్నప్పుడు గూడ్సుబండి పక్కన ఆగాలి గదరా అన్నాడు.

రిటైరయ్యాక ఆ గొంతు ఊరికే ఉండిపోతుందని తెలిసి హాస్టలు వార్డెన్ వచ్చి అడిగాడు, మా వాళ్ళకు ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పుతారా అని. నా మొహం చూడనివాళ్ళతోనే నేను జీవితమంతా మాట్లాడాను, నాకిదేం కొత్త అని వదిన ఒప్పేసుకుంది. మొదటి వారం క్లాసు నుంచి రాగానే చేతిసంచీని సోఫాలోకి గిరాటేసేది. రెండో వారం సోఫాను తన్నింది.

ఆమె చిరాకు వాళ్ళ ఇంగ్లీషు మీద కాదు. అందరూ డిగ్రీలు పాసైనవాళ్ళే. కాగితం మీద ఆమెకన్నా వాళ్ళకే ఎక్కువ వచ్చు. వచ్చిన చిక్కల్లా నోరు తెరవడం దగ్గర. ఏమడిగినా తల వంచుకుని ముందొక సారీ. జవాబు తెలిస్తే సారీ, తెలియకపోతే సారీ. కుర్చీ తగిలితే కుర్చీకి సారీ. దారిలో సైకిలు అడ్డంగా పెట్టినవాడు వచ్చి అరిస్తే వాడికీ సారీ.

"బావిలో పడ్డ చేద తీయొచ్చు గానీ వీళ్ళ గొంతులోంచి మాట తీయలేం" అని వంటింట్లోంచి కేకేసింది ఒక రోజు. "ఎవరు గుద్దినా తప్పు మీదేరా అని పుట్టగానే ఎవరో వీళ్ళ చెవుల్లో ఊదేశారు."

అలా పుట్టిందే ఫిర్యాదుల పాఠం. పొగడ్త గొణుగుతూ చెప్పినా చెల్లుతుంది, ఫిర్యాదు గొణిగితే ఎవడూ వినడు అనేది ఆమె సిద్ధాంతం. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా వదిన. ఇక ఆ వీధికి మనశ్శాంతి లేకుండా పోయింది. ఒకరు గట్టిపడ్డ రొట్టె తిరిగిస్తారు. ఒకరు చల్లారిన టీ గురించి టీకొట్టులో నిలబడి ఇంగ్లీషులో ఉపన్యాసమిస్తారు. ఒకమ్మాయి పోస్టాఫీసుకు వెళ్ళి క్యూ కదలడం లేదని మనవి చేసింది. నిజానికి అక్కడ క్యూ లేదు, ఇద్దరు గుమాస్తాలు కౌంటరుకు ఇవతల నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆమె వాళ్ళ వెనక నిలబడింది. అయినా ఫలితం దక్కింది. ఇద్దరూ పరుగున వెళ్ళి సీట్లలో కూర్చున్నారు.

అంతమందిలోనూ ఒక్కతే ఏ పాఠానికీ లొంగలేదు. ఆ అమ్మాయిని క్లాసంతా సారీ అనే పిలుస్తుంది. తోటి సారీలవాళ్ళే పేరుపెట్టారంటే ఆమె ఏ స్థాయిదో ఊహించుకోవచ్చు. పాడైన గొడుగు మార్పించుకు రమ్మని పంపితే, షాపువాడికి క్షమాపణ చెప్పి ఇంకో గొడుగు కొనుక్కుని వచ్చింది. అదీ పాడైనదే.

ఆమె తండ్రి టైలరు. మంచివాడు. కూతురి నోట్లో నాలుక లేదని తన నాలుకే అరువిచ్చిన మనిషి. నీ పేరేమిటమ్మా అని ఆమెను అడిగితే ఆయన చెబుతాడు. ఏం చదివావు అంటే ఆయన చెబుతాడు. నీకేమిష్టం అంటే కాస్త ఆలోచించి, అదీ ఆయనే చెబుతాడు. కొట్టు మూసేసి బస్సెక్కి వచ్చి ప్రతి ఇంటర్వ్యూకీ ఆమె పక్కనే కూర్చున్నాడు. రెండు చోట్ల అడిగినవాటికన్నిటికీ చక్కగా జవాబులిచ్చాడు. రెండో చోట ఆ ఉద్యోగమేదో ఈయనకే ఇద్దామా అని వాళ్ళు తర్జనభర్జన పడ్డారని మృదంగం పుకారు పుట్టించాడు.

ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. ఎంక్వయిరీ ఫోను దగ్గర కూర్చుని, ఏ డాక్టరు ఏ వేళకు ఉంటారో అడిగినవాళ్ళకు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పాలి. టైలరు గారు వదినకు మర్యాదగానే ఒక మాట చెప్పి వెళ్ళాడు. ఇదే ఆఖరిదట. ఇదీ రాకపోతే అమ్మాయిని ఇంటికి తీసుకెళ్ళిపోతాడట. బొత్తాలు కుట్టడం దానికి వేళ్ళతోనే వచ్చు, కొట్టు వెనక గదిలో నీడపట్టున ఉంటుంది, నలుగురిలో ఈ భంగపాటు దానికెందుకు అన్నాడు. ఆయన మెట్లు దిగే చప్పుడు ఆగాక ఆ అమ్మాయి వదిన దగ్గరికొచ్చింది.

"నాకు బొత్తాలు కుట్టడం వచ్చు మేడమ్. సారీ. కుట్టాలని మాత్రం లేదు."

మధ్యలో సారీ ఉన్నా, అది ఫిర్యాదే. అన్నాళ్ళలో ఆమె చేసిన మొదటి ఫిర్యాదు. వదిన ఇంటికొచ్చి సంచీ గిరాటేయకుండా మెల్లగా కొక్కేనికి తగిలించింది. అన్నయ్య భయపడి నాకు ఫోను చేశాడు.

ఆ మర్నాటినుంచే నాకు ఉద్యోగం పడింది. ఇంకా ఉద్యోగం రావలసినవాళ్ళు అందరూ ఉండగా నాకెందుకంటే, కోపంగా మాట్లాడే పేషెంటు కావాలట. నేను మెట్ల మీద కూర్చుని ఫోను చేయాలి, గదిలోంచి ఆ అమ్మాయి జవాబు చెప్పాలి. నాకు కోపం రాదు వదినా అన్నాను. చెప్పులు గుర్తు తెచ్చుకో మరిదీ అంది.

మొదటి సాయంత్రం కడుపునొప్పి డాక్టరు ఎప్పుడొస్తాడని అరిచాను. అవతల సారీ, సారీ, ఇంకో సారీ. వదిన ఫోను లాక్కుని నా మీదే అరిచింది, ఇంకా గట్టిగా అరవమని. కొన్ని రోజులు ఇలాగే నడిచింది. మెట్ల మీదుగా పైకీ కిందికీ తిరిగేవాళ్ళు నా కడుపునొప్పికి చిట్కాలు చెప్పసాగారు. విసిగిపోయిన వదిన చివరికి ఆ అమ్మాయితో, నీ మాటలు మానేసి నేను చెప్పినట్టు చెప్పు, అచ్చు నాలాగే చెప్పు అంది.

ఆ సాయంత్రం ఫోనులో ముందొక నిశ్శబ్దం. అందులోంచి ఒక గొంతు లేచింది. ముక్కులో మొదలై, మధ్యలో ఆగి, టైము దగ్గర ఒక మెట్టెక్కి, చివర్లో చల్లగా దిగింది.

"ది డాక్టర్... ఈజ్ ఎక్స్‌పెక్టెడ్... ఎట్... ఫైవ్... థర్టీ."

ఒక్క సారీ లేదు. వణుకు లేదు. నేను చప్పున సంచీ చేతికి తీసుకుని లేచి నిలబడ్డాను. నిలబడ్డాక, ఎందుకు నిలబడ్డానా అని ఆలోచించాను. బండి వస్తోందనుకున్నాను.

అనుమానమొచ్చి గదిలోకి వెళ్ళి మృదంగంతో చెప్పుల ఫిర్యాదు మళ్ళీ చెప్పించాను. అదే రాగం. టీ గురించి ఉపన్యసించినతనిదీ అదే. పోస్టాఫీసు అమ్మాయిదీ అదే. గుమాస్తాలు ఎందుకు పరుగెత్తారో అప్పుడర్థమైంది. వీళ్ళు ఇంగ్లీషును చెవితో పట్టుకున్నారు. వదిన నోటినుంచి వచ్చింది వచ్చినట్టు, కూరతోపాటు గరిటె కూడా వడ్డించుకున్నట్టు, స్టేషనుతో సహా దించేసుకున్నారు. సారీ అమ్మాయి కూడా మిగతావాళ్ళలాగే అది ఎప్పుడో పట్టేసింది, బయటికి తీయడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదంతే.

పిల్లి మెడలో గంట కట్టే పని మళ్ళీ నాకే వచ్చింది. ఇంటికి నడిచే దారిలో మెల్లగా చెప్పాను. వదిన ఫుట్‌పాత్ మీద ఆగిపోయింది.

"అంటే నేను ఇంగ్లీషు మాట్లాడితే బండి వస్తున్నట్టుంటుందా?"

"వస్తున్నట్టుండదు వదినా. ఆలస్యంగా వస్తున్నట్టుంటుంది."

ఆ సాయంత్రం నాకు టీ రాలేదు. అన్నయ్యకు కూడా రాలేదు. అతనేం చేశాడో అతనికే తెలియదు.

మర్నాడు ఆమె కళ్ళు మూసుకుని కూర్చుని ఒక్కొక్కరి చేతా పరిచయ వాక్యాలు చెప్పించింది. అందరివీ విన్నాక కళ్ళు తెరిచి, ఇక నుంచి ఈ రాగం కుదరదు, మామూలుగా మాట్లాడాలి, ఇదిగో ఇలాగ అని మొదలుపెట్టింది. నాలుగు మాటలు వెళ్ళాయి. ఐదోది రాలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మూడు. గాజుగదిలో మైకు ముందు తప్ప ఆమె ఇంగ్లీషు ఎక్కడా మాట్లాడలేదని నాకు అప్పుడు తట్టింది. ఆ రాగం తీసేస్తే ఆమె కూడా మనలాంటిదే.  బల్ల మీద మృదంగం వేళ్ళు ఆగాయి.

"మేడమ్, మీరు ఇప్పుడు సారీ అనబోయారు" అన్నాడు.

"అనలేదు."

"అనలేదు, అనబోయారు. వినిపించింది."

వదిన తనకు వచ్చిన కోపం ఎవరి మీదో తేల్చుకోలేక కిటికీ మూసి, తెరిచి, మళ్ళీ మూసింది.

ఆ తర్వాత రాగం వదిలించే ప్రయత్నాలు జరిగాయి. అందరికన్నా ముందు ఇంటర్వ్యూ ఉన్నది సారీకి గనక ఆమె మీద ఎక్కువగా జరిగాయి. రాగం తీస్తే సారీలు తిరిగొస్తాయి, సారీలు తీస్తే రాగం తిరిగొస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా గొంతు విని నాలాగా మాట్లాడమని కూడా చెప్పి చూశారు. ఆ పిల్ల రెండు రోజులు నా గొంతుతో మాట్లాడితే, వినలేక క్లాసంతా కలిసి నాలుగు మాటల్లో ఫిర్యాదు చేశారు. ఆ వాక్యాల్లో తప్పులేం లేవని వదిన మెచ్చుకుంది.

ఇంటర్వ్యూ ముంచుకొచ్చిన రోజు వదిన చేతులెత్తేసింది. ఎత్తేసిన చేతులతోనే ఆజ్ఞాపించింది. వచ్చినట్టే మాట్లాడు, స్టేషను స్టేషనులాగే ఉండనీ అంది. ఆసుపత్రివాళ్ళు నవ్వుతారు వదినా అన్నాను.

"నవ్వనీ. ఇన్నాళ్ళూ జాలిపడ్డారు. నవ్వితే ఒక మెట్టు ఎక్కినట్టే."

ఇక మిగిలింది టైలరు గారు. ఆయన లోపలికి వెళ్ళకుండా చూసే బాధ్యత నాది. నేనొస్తే ఆ పిల్ల నా గొంతు వెనక దాక్కుంటుంది, నేను రాను అంది వదిన. ఆయన్ని ఎలా ఆపను అంటే, నీ పంట్లాం గురించి అడుగు, టైలరు దగ్గర పంట్లాం పేరెత్తితే బండి కదలదు అంది.

ఆసుపత్రి వరండా ఫినాయిలు వాసన వేస్తోంది. గోడ వారన బెంచీల మీద టోకెన్లు పట్టుకున్న జనం. ఒక తలుపు ముందు మేం ముగ్గురం కూర్చున్నాం. మధ్యలో ఆ అమ్మాయి, మడిచిన చేతికర్రను ఒళ్ళో పట్టుకుని. నేను సమయం చూసి, నా పంట్లాం కాళ్ళు రెండూ సమానంగా ఉన్నాయా అని టైలరు గారిని అడిగాను. ఆయన ఒక్కసారి చూసి బాధగా మొహం పెట్టాడు. జేబులోంచి టేపు తీశాడు. నేను వద్దనేలోపే నన్ను నిలబెట్టి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కాలరు వెనకనుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి ఎడమకాలి అంచుకు గుచ్చడం మొదలుపెట్టాడు. కుట్టినవాడెవడండీ అన్నాడు. కుట్టినవాడు అన్నయ్య పరిచయస్థుడు, అందుకే చెప్పలేదు. వరండాలో జనమంతా నా కాళ్ళనే చూస్తున్నారు. డాక్టరు కోసం వచ్చి టైలరు దగ్గర తేలినవాణ్ణని వాళ్ళ ఉద్దేశం కాబోలు.

వదిన ఎత్తు పారింది. బండి కదల్లేదు. తలుపు తెరుచుకుని అమ్మాయి పేరు పిలిచేదాకా కదల్లేదు. పిలవగానే ఆయన సగం గుచ్చిన సూదిని అలాగే వదిలి, కూతురి చెయ్యి పట్టుకుని, ఆమెకన్నా ముందు లోపలికి వెళ్ళిపోయాడు. ఆపడానికి నేను ఒక అడుగు వేశాను. సూది మడమలో దిగింది. రెండో అడుగు కుంటుకుంటూ వేసేసరికి వాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. తలుపు వారగా తెరిచే ఉంది. నేను గోడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

లోపల బల్ల వెనక ఒక పెద్దావిడ, ఆ ఆసుపత్రి ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే ఆవిడ. పేరడిగింది. టైలరు గారు చెప్పాడు. చదువడిగింది. టైలరు గారు చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నేను అమ్మాయిని అడుగుతున్నానండీ అంది. ఆయన వినయంగా, మీరు అడగండి ఫర్వాలేదండీ అన్నాడు. వదిన చెప్పిన పని చేతులారా చెడగొట్టానని, బొత్తాల గది తలుపు నా వల్లే తెరుచుకుందని అనుకున్నాను.

ఆవిడ ఈసారి ఇంగ్లీషులో అడిగింది. డాక్టరు రాలేదని ఎవరైనా ఫోనులో అరిస్తే ఏం చేస్తావని. ఆయనకు ఆ ప్రశ్న సగమే అర్థమైంది.

"మా అమ్మాయి ఎవరి మీదా అరవదండీ. అసలు నోరెత్తదు. ఎవరేమన్నా పడుంటుంది. ఆ విషయంలో మీకేం బెంగ అక్కర్లేదు."

గదిలో ఒక నిశ్శబ్దం వచ్చింది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. మెట్ల మీద ఫోనులో విన్నదే.

"మే ఐ హ్యావ్... యువర్ అటెన్షన్ ప్లీజ్. ది క్యాండిడేట్... విల్ ఆన్సర్... హర్ ఓన్... క్వశ్చన్స్."

ముక్కులో మొదలై, మధ్యలో ఆగి, మెట్టెక్కి, దిగింది. వరండాలో కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఫైళ్ళు సర్దుకున్నారు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్నారు. ఒక పెద్దాయన నన్ను ఏ గదికి వెళ్ళమన్నారు బాబూ అని అడిగాడు. లోపల కాస్త ఆగి, అదే గొంతు, అదే నింపాదితో, మళ్ళీ వినిపించింది.

"నాన్నా, మీరు బయట కూర్చోండి."

టైలరు గారు బయటికి వచ్చాడు. తలుపు తనే దగ్గరికి వేశాడు. బెంచీ మీద కూర్చుని, అలవాటుకొద్దీ నా పంట్లాం అంచు పట్టుకుని, సూది ఎక్కడ గుచ్చాలో మర్చిపోయినట్టు అలాగే ఉండిపోయాడు.

"అమ్మాయి నన్ను బయటికి పొమ్మందండీ" అన్నాడు.

ఇంగ్లీషులోనే చెప్పిందా అన్నాను.

"మొదట ఇంగ్లీషులో చెప్పింది. నాకు తెలియదేమోనని తర్వాత తెలుగులో కూడా చెప్పింది." సూదిని కాలరు వెనక గుచ్చుకున్నాడు. "గొంతు బాగుంది కదండీ. నేనెప్పుడూ వినలేదు."

తలుపు ఆ తర్వాత చాలాసేపు తెరుచుకోలేదు. లోపలినుంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి, ఒకటి మామూలు గొంతు, ఒకటి స్టేషను. వరండాలో లేచినవాళ్ళలో కొందరు కూర్చున్నారు, కొందరు ఎందుకైనా మంచిదని నిలబడే ఉన్నారు. తలుపు తెరిచాక ఆవిడ గుమ్మంలోకి వచ్చి, మా సెక్యూరిటీవాడు పొద్దున్నుంచి అరిచినా లేవని జనం ఈ అమ్మాయి ఒక్క మాటకు లేచారండీ అంది. ఒకటో తేదీనుంచి రమ్మంది.

విషయం చెప్పడానికి నేను కుంటుతూ వదిన దగ్గరికి వెళ్ళాను. ఆమె అంతా విని, ఆయన లోపలికి ఎలా వెళ్ళాడసలు, నిన్నెందుకు పంపాను అని మండిపడింది. వెళ్ళకపోతే ఆ అమ్మాయి ఆయన్ని బయటికి పంపేదెలా వదినా అని అడిగాను. ఆమె లోపలికెళ్ళి టీ పెట్టింది. అన్నయ్యకు కూడా పెట్టింది.

ఆ అమ్మాయి చేరాక క్లాసులో ఆమె పేరు ఏం చేయాలనే సమస్య వచ్చింది. పాత పేరు అతకడం లేదని మృదంగం తననొక్కణ్ణే కమిటీగా వేసుకుని ఇంకా ఆలోచిస్తున్నాడు. టైలరు గారు కొట్టు తెరిచి బుద్ధిగా కూర్చుంటున్నాడు. కాకపోతే మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆసుపత్రి ఎంక్వయిరీకి ఫోను చేసి, గొంతు మార్చి, పంటి డాక్టరు ఉన్నారా అని అడుగుతాడట. రెండు రోజులు చెప్పిందిట. మూడో రోజు, లైను ఖాళీ చేయండి నాన్నా, వెనక పేషెంట్లున్నారు అందిట. ఆ మాట ఆయన కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ కొలతలు తీసుకుంటూ చెబుతున్నాడు.

నెల తిరక్కుండా ఆసుపత్రి ఆవిడ స్వయంగా హాస్టలు మెట్లెక్కి వచ్చింది. క్లాసు జరుగుతోంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతుంటే నేను పరుగున వెళ్ళి ఎక్కడ విప్పాలో చూపించాను. ఆవిడ కూర్చుని, మంచినీళ్ళు తాగి, మొహమాటపడుతూనే మొదలుపెట్టింది.

అమ్మాయి పనిమంతురాలే, అందులో సందేహం లేదు. కానీ ఇదివరకు ఆ సీట్లో ఉన్నావిడ డాక్టరు గారేరని ఎవరడిగినా, వచ్చేస్తున్నారు, దారిలో ఉన్నారు అని సర్ది చెప్పేది. ఈ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పేస్తోంది. ఫలానా డాక్టరు గారు గంటన్నర ఆలస్యంగా నడుస్తున్నారు, ఫలానా వారు ఈ రోజు రద్దు అని. ఫోనులో చెబితే ఒక్కరికే వినపడాలి గదా, ఆ గొంతుకు వరండా అంతా వినపడుతోంది. పెద్ద డాక్టరు గారి భార్య ఫోను చేస్తే ఆవిడకూ అలాగే చెప్పిందట. ఇంట్లోంచి ఆయన పొద్దున్నే బయల్దేరారని ఆవిడ అంటే, ఇక్కడికి ఇంకా చేరలేదు అందట. అక్కడ ఏం జరిగిందో గానీ, పెద్ద డాక్టరు గారు రెండు రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. మిగతా డాక్టర్లంతా ఒక్కటై, ఆ అమ్మాయి గొంతయినా తగ్గించండి, మాటయినా మార్పించండి అంటున్నారు. పోనీ చివర్న ఒక సారీ అయినా కలపమ్మా అని తను నచ్చచెప్పబోతే, మా మేడమ్‌ని అడిగి చెబుతానందట. అందుకే వచ్చాను, మీరు ఒక్క మాట చెబితే వింటుంది, ఏదైనా చేయండి అంది ఆవిడ.

క్లాసంతా చెవులు రిక్కించింది. వదిన ఎవరి మాటా పూర్తిగా వినే మనిషి కాదు. ఆ రోజు చివరిదాకా విని, మైకు ముందు లేనట్టు మామూలు గొంతుతో అడిగింది.

"మరి డాక్టర్లను వేళకు రమ్మని చెప్పి చూశారాండీ?"